గౌతమి సరిహద్దున ఉమ్మడి పరిచర్య: యానాం, తాళ్లరేవు, ఐ.పోలవరం ప్రాంత సంఘాల సేవ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరువైపులా తెలుగువారే, చుట్టాలే. అలాంటప్పుడు దీన్ని సరిహద్దు ప్రాంతం అని ఎందుకు అంటున్నారు?

నేల మీద చూస్తే గీత కనిపించదు. తాళ్లరేవు మండలం సుంకరపాలెం దాటితే యానాం వస్తుంది. గౌతమి మీద కట్టిన బాలయోగి వారధి దాటితే కోనసీమ జిల్లా ఎదుర్లంకలో దిగుతాము. అయితే యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. ఫ్రెంచి వర్తకులు 1723లో ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. పక్కనే ఉన్న ఇంజరం, నీలపల్లి ఇంగ్లీషువారి వ్యాపార కేంద్రాలయ్యాయి. ఆ రెండు కంపెనీల పోటీలో ఏర్పడిన హద్దులే నేటికీ ప్రభుత్వాల హద్దులుగా మిగిలాయి. 1954 నవంబరు 1న యానాం పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1962 ఆగస్టు 16న ఆ విలీనం చట్టరీత్యా పూర్తయింది. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతంలో 2011 జనగణన ప్రకారం 55,626 మంది ఉన్నారు. వీరి రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది, మూడు వైపులా ఉన్నది మాత్రం ఆంధ్రప్రదేశ్.

గీత దాటగానే రేషను కార్డు, పింఛను, ఆరోగ్య పథకం, పోలీసు స్టేషను, కోర్టు, మద్యం ధర అన్నీ మారిపోతాయి. ఈ తేడాను స్వలాభానికి వాడుకున్నవారు ఎప్పుడూ ఉన్నారు. 1929లో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చాక, అది వర్తించని ఫ్రెంచి యానాంకు చుట్టుపక్కల జిల్లాల నుంచి చిన్నపిల్లలను తీసుకువచ్చి పెళ్లిళ్లు చేసేవారు. అందుకే ఈ ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా పడింది. చట్టాన్ని తప్పించుకోదలచినవారికి గీత ఎంత బాగా తెలుసో, కష్టంలో ఉన్నవారికి ఏ వైపు ఏ హక్కు ఉందో అంత బాగా తెలియాలన్నదే మా పని వెనుక ఉన్న ఆలోచన.

పరిచర్య అంటే సువార్త ప్రకటనేనా? మీరు అసలు ఏం చేస్తారు?

మా విశ్వాసాన్ని మేము దాచుకోము. ఆదివారం ఆరాధనలో, ఉపవాస ప్రార్థనలో, ఇళ్లలో జరిగే కూడికల్లో సువార్త చెప్పుకుంటాము. అది ఏ సంఘానికి ఆ సంఘం తన పద్ధతిలో చేసుకునే పని. ఈ పేజీలో మేము చెబుతున్న ఉమ్మడి పరిచర్య అందుకు వేరు. సరిహద్దు కుటుంబాలకు కాగితాల విషయంలో సాయం చేయడం, రోగులకు తోడుగా ఆసుపత్రికి వెళ్లడం, తాగుడు మానాలనుకునేవారికీ వారి ఇళ్లకూ అండగా ఉండడం, వరదల్లో వంటశాల నడపడం, గల్ఫుకు వెళ్లేవారికి ముందుగా సలహా ఇవ్వడం ఇందులోకి వస్తాయి. యేసు ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథలో దారిన పోతున్న పరదేశి, దెబ్బలు తిన్న మనిషి గాయాలు కట్టి, సత్రంలో చేర్చి, ఖర్చు కూడా చెల్లించాడు. ఆ మనిషి ఏ మతస్థుడని గానీ, ఏ ఊరివాడని గానీ అతడు అడగలేదు. మేము ఈ పనికి పూనుకున్నది ఆ మాటకు లోబడియే.

సహాయం కావాలంటే ప్రార్థనకు రావాలా? పేరు రాయించుకోవాలా?

అక్కరలేదు. అన్నం పెట్టేచోట, మందులు ఇచ్చేచోట, దరఖాస్తు రాసేచోట ప్రసంగం ఉండకూడదని, కరపత్రాలు పంచకూడదని ఉమ్మడి ఒప్పందంలో రాసుకున్నాము. ఎవరైనా తమ కోసం ప్రార్థన చేయమని నోరు తెరిచి అడిగితే చేస్తాము, అడగకపోతే చేయము. ఆకలితో ఉన్న మనిషి ‘కాదు’ అనలేడు. కాదనలేని స్థితిలో ఉన్నవాడి చేత ఒప్పించిన విశ్వాసం దేవునికి ఇష్టమవుతుందని మేము నమ్మము. రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛ మా ఇరుగుపొరుగువారికి కూడా ఉంది. దానికి మా వల్ల చిన్న మచ్చ కూడా రాకూడదు.

మీ సేవ తీసుకుంటే మా కులధ్రువపత్రానికి ఇబ్బంది వస్తుందా?

ఈ భయం చాలా ఇళ్లలో ఉంది, అందుకని వివరంగా చెబుతున్నాము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులుగా మారినవారికి ఆ హోదా వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివారిని, వారి సంతానాన్ని బీసీ-సి వర్గంలో చేర్చారు. పుదుచ్చేరికి షెడ్యూల్డు కులాల జాబితాపై 1964 నాటి వేరే ఉత్తర్వు ఉంది కనుక, యానాంవారు ఆంధ్ర జాబితాను చూసి నిర్ణయానికి రాకూడదు.

మా వంటశాలలో భోజనం చేసినంత మాత్రాన, మా సాయంతో దరఖాస్తు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ మతం మారినట్టు కాదు. సేవ పొందినవారి మతం, కులం మేము రాసుకోము. అయితే బాప్తిస్మం తీసుకోదలచినవారికి మాత్రం ఈ చట్టం సంగతి ముందే, దాపరికం లేకుండా చెప్పాలని మా కాపరులందరూ ఒక మాట మీద ఉన్నారు. దళిత క్రైస్తవులకు ఈ నియమం అన్యాయం చేస్తోందని మా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని విజ్ఞాపనల ద్వారా వినిపిస్తాము. చట్టం మారేవరకు మాత్రం ఎవరినీ తప్పుడు ధ్రువీకరణ వైపు ప్రోత్సహించము.

ఏయే సంఘాలు కలిశాయి? సిద్ధాంతాల్లో తేడాలు ఉండగా కలిసి పనిచేయడం ఎలా సాధ్యం?

డెల్టాలో క్రైస్తవ సంఘాలు ఒక్క మూలం నుంచి రాలేదు. 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని మొదలుపెట్టారు; అదే తరువాత గోదావరి డెల్టా మిషన్‌గా పెరిగింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్నప్పుడు, అంటే 1847 నుంచి 1852 దాకా, ఆ పనికి వచ్చిన కూలీల మధ్య కూడా వారు తిరిగారు. రాజమండ్రి లూథరన్ల కేంద్రమైంది. కాకినాడలో 1874 నుంచి కెనడా బాప్టిస్టులు పనిచేశారు, కానీ వారికంటే ముందే అక్కడ పునాది వేసినవాడు థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. ఈ విషయాన్ని మేము నొక్కి చెబుతాము, ఎందుకంటే ఇక్కడి పరిచర్యను దొరలే మొదలుపెట్టి దొరలే నడిపారన్న తలంపు మనవాళ్లలోనే బలంగా ఉంది. యానాంలో ఫ్రెంచి కాలం నాటి కథోలిక దేవాలయం ఉంది. వీటికి తోడు ఇటీవలి దశాబ్దాల్లో పల్లెపల్లెకూ స్వతంత్ర సంఘాలు వెలిశాయి.

బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, ప్రభువు బల్లలో ఎవరు పాల్గొనాలి అన్న ప్రశ్నలు ఉమ్మడి సమావేశంలోకి రావు. అవి చిన్న విషయాలని కాదు. వాటిని తేల్చుకోవలసిన చోటు ఇది కాదు. ఇక్కడ చర్చకు వచ్చేది ఫలానా వీధిలో ఎవరి పింఛను ఆగింది, ఫలానా లంకకు పడవ ఎవరు సమకూర్చాలి అన్నంతే. యానాంవైపు పనిని యానాం సంఘాలు, ఆంధ్రవైపు పనిని ఆంధ్ర సంఘాలు నిర్ణయిస్తాయి. ఒక వైపువారు రెండో వైపు ఇంటికి వెళ్లేముందు అక్కడి సంఘ పెద్దకు చెప్పి వెళ్తారు. పెద్ద సంఘానికి రెండు ఓట్లు, చిన్న సంఘానికి ఒకటి అన్న పద్ధతి లేదు.

‘కాగితాల బల్ల’ అంటే ఏమిటి?

మా పనిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతున్నది ఇదే. ఆరాధన ముగిశాక మందిరం వరండాలో ఒక బల్ల వేసి, ఇరువైపుల కార్యాలయాల పద్ధతులు తెలిసిన విశ్రాంత ఉద్యోగులు, చదువుకున్న యువతీయువకులు కూర్చుంటారు. ఎవరైనా రావచ్చు. రుసుము లేదు.

అక్కడికి వచ్చే ఒక చిక్కు ఎలా ఉంటుందో చూడండి. పుట్టిల్లు యానాం కనకాలపేట, మెట్టినిల్లు సుంకరపాలెం అయిన ఒక ఇల్లాలు పాలిథీన్ కవరులో కాగితాలన్నీ తెచ్చి బల్లమీద పరుస్తుంది. ఆధార్ చిరునామా ఇంకా పుట్టింటిదే. రేషను కార్డులో పేరు అత్తింట. పిల్లవాడి జనన ధ్రువపత్రం యానాంలో రాయించినది, బడి మాత్రం ఆంధ్రవైపు. భర్త పోయాడు, వితంతు పింఛనుకు ఆంధ్రవైపు గ్రామ సచివాలయంలో అడిగితే ఆధార్ పుదుచ్చేరిదని వెనక్కి పంపారు, యానాంలో అడిగితే కాపురం అక్కడ లేదని చెప్పారు. ఇద్దరు ఉద్యోగులూ నిబంధన ప్రకారమే మాట్లాడారు, కానీ ఆమెకు మాత్రం రెండు గుమ్మాలూ మూసుకుపోయాయి.

ఇలాంటి సందర్భంలో ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: మీరు నిజంగా ఏ వైపు నివసిస్తున్నారు, ఇక ముందు ఏ వైపు ఉంటారు? దానికి జవాబు స్థిరపడ్డాక ఆధార్ చిరునామా, ఓటరు కార్డు, రేషను కార్డు వరుసగా ఆ ఒక్క వైపుకు మార్పిస్తాము. వరుస తప్పితే నెలలు వృథా అవుతాయి. రెండు వైపులా కార్డులు ఉంచుకుంటే రెండింతల లాభం అనే సలహా ఊళ్లో చాలామంది ఇస్తారు. అలా చేసినవారికి ఒక్క తనిఖీలో రెండూ పోయే ప్రమాదం ఉంది. అదీగాక అది అసత్యం. అటువంటి దరఖాస్తును మా బల్ల మీద రాయము. కుటుంబ వివాదం, ఆస్తి తగాదా, గృహహింస వంటివి వచ్చినప్పుడు మేమే తీర్పరులం కాకుండా ఉచిత న్యాయసహాయ సంఖ్య 15100కు, మహిళల సహాయ సంఖ్య 181కు ఫోను కలిపి ఇచ్చి, అవసరమైతే తోడుగా వెళ్తాము.

రేషను విషయంలో ఒక చిన్న మాట. పుదుచ్చేరి ప్రభుత్వం కొన్నేళ్లపాటు బియ్యానికి బదులు నగదును ఖాతాలో వేసింది. అందువల్ల ‘మాకు బియ్యం రావడం లేదు’ అని వచ్చిన యానాంవారి విషయంలో ముందు బ్యాంకు పాసుపుస్తకం చూడడం మా అలవాటు.

ఆసుపత్రి అవసరం పడితే సరిహద్దు అడ్డం వస్తుందా?

ప్రాణం మీదికి వచ్చినప్పుడు రాకూడదు, 108కి ఫోను చేయడమే ముందు పని. ఆ తరువాత ఖర్చు విషయంలో మాత్రం అడ్డం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అని పిలిచిన, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం ఆ రాష్ట్ర కుటుంబాలకు ఉద్దేశించినది. యానాం కుటుంబాలకు పుదుచ్చేరి ఏర్పాట్లు వేరుగా ఉన్నాయి. యానాంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 2024లో పుదుచ్చేరిలోని కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థ జిప్‌మర్ వారి బహుళ వైద్య విభాగాల కేంద్రం కూడా ప్రారంభమైంది. పెద్ద చికిత్సకు ఇరువైపులవారూ సాధారణంగా చేరేది కాకినాడ ప్రభుత్వాసుపత్రికే.

మా వాళ్లు వైద్యులు కారు. రోగి వెంట వెళ్లి, చీటీ కౌంటరు దగ్గర నిలబడి, ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో చూసి, రాత్రి కాపలాకు మనిషిని కుదర్చడం వరకే మా పని. రక్తం అవసరమైతే యువజన సంఘాల పిల్లలు వస్తారు. స్వస్థత ప్రార్థన చేయించుకున్నాక మందులు మానేయమని ఎవరైనా చెబితే, ఆ మాట మా ఉమ్మడి పరిచర్యది కాదని దయచేసి గ్రహించండి. క్షయ, మధుమేహం, మానసిక వ్యాధుల మందులు వైద్యుడు చెప్పేదాకా ఆపకూడదు. రామచంద్రపురంలో కుష్ఠురోగులను దగ్గరకు తీసి చికిత్స చేసిన మిషన్, పిఠాపురంలో ఆసుపత్రి కట్టిన మిషన్ ప్రార్థననూ మందునూ కలిపే నడిపాయి.

తాగుడు సమస్యను మీరు ఎందుకు అంతగా పట్టించుకుంటున్నారు?

ఇక్కడి స్త్రీలు మొదటి సమావేశంలోనే అడిగిన విషయం అది కనుక. పుదుచ్చేరిలో మద్యంపై పన్ను తక్కువ, అందువల్ల ధర తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో సంపూర్ణ మద్యనిషేధం విధించి 1997లో సడలించిన కాలంలోనూ, ఆ తరువాత ధరలు పెరిగిన ప్రతిసారీ, అటువైపు మగవారు గీత దాటి రావడం డెల్టాలో అందరికీ తెలిసినదే. తాగి వారధి మీదుగా, కాలువ గట్ల మీదుగా రాత్రిపూట బండి నడుపుతూ తిరిగి వెళ్లడం మరో ప్రమాదం. సీసాలు అటు తరలిస్తూ కేసుల్లో ఇరుక్కునేవారిలో కూలిడబ్బు కోసం ఒప్పుకున్న కుర్రవాళ్లు ఉంటారు. సరుకు యజమాని మాత్రం ఎక్కడా కనిపించడు. ఇదే మమ్మల్ని ఎక్కువగా బాధిస్తుంది.

తాగేవారిని బహిరంగంగా నిలబెట్టి సిగ్గుపరచడం, బలవంతంగా ప్రమాణాలు చేయించడం మా పద్ధతి కాదు. ఏళ్లతరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు, ప్రాణాపాయం కూడా ఉంది. కాబట్టి ఉపవాస కూటంలో కూర్చోబెట్టి మాన్పించడానికి ముందు వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలని మా కాపరులకు పదేపదే చెబుతాము. జాతీయ సహాయ సంఖ్య 14446కు ఫోను చేస్తే దగ్గరలోని చికిత్సా కేంద్రం వివరాలు చెబుతారు. మనసు కుంగిపోయినవారికి 14416 ఉంది. చికిత్స నుంచి తిరిగి వచ్చాక మొదటి కొన్ని నెలలు గట్టెక్కడం కష్టం. ఆ సమయంలో సాయంత్రం పూట ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి కూర్చోవడం, పనికి మద్యం దుకాణం లేని దారిన తీసుకువెళ్లడం, కూలిడబ్బు భార్య ఖాతాలో పడేలా మేస్త్రీతో మాట్లాడడం మా సహోదరులు చేస్తారు. మళ్లీ తాగినవారిని జాబితా నుంచి తీసివేయము.

వరదలప్పుడు ఉమ్మడి పరిచర్య ఎలా నడుస్తుంది?

గోదావరి గీతను చూడదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపానును చూసినవారు మా సంఘాల్లో ఇంకా ఉన్నారు. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధుల్లోనూ, అటు లంకల్లోనూ నీళ్లు నిలిచాయి. అయితే నష్టం లెక్కలు, సాయం, పునరావాస శిబిరాలు రెండు ప్రభుత్వాలవి. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లకు రెండు రకాల పరిహారం, రెండు వేర్వేరు సమయాల్లో అందుతుంది.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75, 13.75, 17.75 అడుగులకు చేరినప్పుడు ఆ మూడు హెచ్చరికలు వస్తాయి. భద్రాచలంలో రెండో హెచ్చరిక వినగానే మా వాళ్లు పని మొదలుపెడతారు, ఎందుకంటే నీరు కింది లంకలకు చేరేలోగా దొరికే వ్యవధే మాకు ఉన్నదంతా. మంచాన పడ్డవారు, నిండు గర్భిణులు, ఒంటరి వృద్ధులు ఎక్కడెక్కడ ఉన్నారో ఇంటి గుర్తులతో రాసి ఉంచిన పుస్తకం ప్రతి సంఘంలో ఉంటుంది. ఆ పుస్తకం వేసవిలోనే సరిచూస్తారు. వారిని ముందు తరలిస్తారు. పశువులను గట్టు ఎక్కించేదాకా ఇల్లు కదలనివారే ఎక్కువ కనుక, ఎండుగడ్డి, మేత నిలవ చేసే చోటు కూడా ముందే చూసిపెడతారు. లంకకు వెళ్లే కాజ్‌వే మునిగితే నాటు పడవే దిక్కు. పడవవారికి కూలి ఆ పూటకు ఆ పూట ఇచ్చేస్తాము.

వంట మందిరంలోనే జరగాలన్న నియమం లేదు. ఎత్తున ఉన్నది కల్యాణ మండపమైతే అక్కడ, రామాలయం అరుగైతే అక్కడ, మసీదు వీధి వారు చోటిస్తే అక్కడ. మొదటి రోజు పులిహోర పొట్లాలు పంచుతాము, నిలవ ఉంటుంది కాబట్టి. పొయ్యి కుదిరాక అన్నం, పప్పు, పిల్లలకు పాలు. నీళ్లు తగ్గాకనే అసలు పని: బురద తీయడం, బావుల్లో క్లోరిన్ వేయడం, తడిసిపోయిన కాగితాలకు నకళ్లు తీయించడం, నష్టం రాసుకోవడానికి వచ్చిన సిబ్బందికి ఏ ఇల్లు ఏ వైపుదో సరిగ్గా చూపించడం.

చేపల వేట నిషేధ కాలంలో మత్స్యకారులకు ఏమైనా చేస్తారా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర, మోటారు పడవల వేట ఆగుతుంది. దానికి రెండు ప్రభుత్వాలు ఇచ్చే భృతి, నియమాలు వేరు. పడవ ఎక్కడ నమోదైంది, కలాసీ పేరు జాబితాలో ఉందా లేదా అన్నది వేసవికి ముందే చూసుకోమని గాడిమొగ నుంచి దరియాలతిప్ప వరకు చెప్పి వస్తాము. నిషేధం మొదలయ్యాక పేర్లు చేర్పించడం చాలా కష్టం.

గల్ఫుకు వెళ్లాలనుకునే ఆడపిల్లలకు మీ సలహా ఏమిటి?

కోనసీమ నుంచి కువైట్, ఒమన్, ఖతర్ దేశాలకు ఇంటిపనికి వెళ్లినవారు దాదాపు ప్రతి పేటలో ఉన్నారు. వారు పంపిన డబ్బుతోనే అనేక ఇళ్లు పెంకుటిళ్ల నుంచి డాబాలయ్యాయి, కొన్ని మందిరాలు కూడా లేచాయి. వెళ్లవద్దని చెప్పే హక్కు మాకు లేదు. కానీ వలస అనుమతి అవసరమైన 18 దేశాలకు ఇంటిపని మీద వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని, ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే వెళ్లాలని నియమం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్. సందర్శక వీసా మీద పంపుతానన్న ఏజెంటు మీ చుట్టమైనా, మన సంఘ సభ్యుడైనా నమ్మకండి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక జత, కాగితాల బల్ల దగ్గర ఒక జత ఉంచి వెళ్లండి. అక్కడ కష్టం వస్తే భారత రాయబార కార్యాలయానికి విదేశాంగ శాఖ వారి ‘మదద్’ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయడానికి ఆ నకళ్లే ఆధారం.

యానాంలో పెళ్లి, కాపరిది ఆంధ్ర. ఆ పెళ్లి చెల్లుతుందా?

ముందుగా కాపరి గారి అనుమతి పత్రం చూడండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ఒక రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఆ ప్రభుత్వ పరిధిలోనే పనిచేస్తుంది. బిషప్పు చేత అభిషేకం పొందిన గురువులకు చట్టం వేరే స్థానం ఇచ్చింది. స్వతంత్ర సంఘాల కాపరులు మాత్రం తమకు ఉన్న అధికారం వధూవరుల పెళ్లి జరిగే చోట చెల్లుతుందో లేదో తెలుసుకోకుండా చేయకూడదు. వరుడికి 21, వధువుకు 18 నిండినట్టు రుజువు లేనిదే మా సంఘాల్లో ఏ కాపరీ ప్రకటన చదవరు. ఈ ఊరికి ఒకప్పుడు పడిన పేరు గుర్తున్నవారికి ఈ పట్టుదల ఎందుకో వివరించనక్కరలేదు.

పిల్లల కోసం అనాథాశ్రమం ఎందుకు పెట్టలేదు?

బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు కావాలి. నమోదు లేని ‘హోమ్’ నడపడం నేరం. అయితే మేము పెట్టకపోవడానికి కారణం అదొక్కటే కాదు. పేదరికం వల్ల తల్లి దగ్గర నుంచి బిడ్డను తీసి పెంచడం కంటే, ఆ తల్లికి పింఛను, పని కుదర్చడం మేలని మా నమ్మకం. తల్లిదండ్రులు లేని బిడ్డ కనిపిస్తే 1098కి తెలియజేసి బాలల సంక్షేమ సమితి ముందు ఉంచుతాము. సాయంత్రం పాఠాలు మాత్రం చెబుతాము, అన్ని మతాల పిల్లలూ వస్తారు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? విదేశీ నిధులు తీసుకుంటారా?

ఉమ్మడి పరిచర్య స్థానిక కానుకల మీదే నడుస్తుంది. వాటిలో పాతది, మాకు అన్నిటికంటే విలువైనది పిడికెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసి ఆదివారం తెస్తుంది. వరదల వంటశాలలో మొదటి రెండు పూటల అన్నం ఆ బియ్యంతోనే వండుతారు. కోత పండుగనాడు వేలం వేసిన గెలలు, కొబ్బరికాయలు, కోళ్ల డబ్బు వైద్య ఖర్చులకు పోతుంది.

విదేశీ నిధుల నియంత్రణ చట్టం 2010 కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తరువాత, నమోదు ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. విరాళం న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అందుచేత ‘అవతలి సంఘానికి నమోదు ఉంది, వారి ద్వారా మీకు పంపుతాం’ అన్న ప్రతిపాదన ఎంత ప్రేమతో వచ్చినా మేము ఒప్పుకోలేము. గల్ఫులోనో అమెరికాలోనో ఉన్న మన వాళ్లు భారత పౌరులుగానే ఉండి, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది, వారి దగ్గర ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే. పంపే ముందు దయచేసి ఈ తేడా చూసుకోండి.

జమాఖర్చులు ప్రతి మూడు నెలలకు అన్ని సంఘాల ఆరాధనల్లో చదివి వినిపిస్తారు. విన్నవారు అడిగే ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పాలి.

బయటి రాష్ట్రాల సంఘాలు, పట్టణ సంఘాలు మీతో భాగస్వాములు కావచ్చా?

కావచ్చు, సంతోషంగా. కొన్ని షరతులు ఉన్నాయి. బియ్యం సంచీ చేతికి ఇస్తూ తీసుకునేవారి ముఖంతో ఫోటో తీయకూడదు. తమ పేరున్న బ్యానరు వరద శిబిరంలో కట్టకూడదు. రెండు రోజుల కోసం పెద్ద బృందాన్ని పంపడం కంటే, ఆ ప్రయాణ ఖర్చు పడవ మరమ్మతుకు ఇస్తే ఎక్కువ ఉపయోగం. నర్సులు, లెక్కలు తెలిసినవారు, న్యాయవాదులు మాత్రం తప్పకుండా రావాలి. వారి కొరత మాకు చాలా ఉంది.

మా ఊరి సంఘం ఈ పనిలో చేరాలంటే ముందు ఏం చేయాలి?

ముందు డబ్బు పంపవద్దు. మీ ఊళ్లో, మీ సంఘం చుట్టూ ఉన్న ఇళ్లలో పింఛను ఆగినవారు, రెండు వైపులా కాగితాలు చిక్కుపడ్డవారు, ఒంటరిగా ఉన్న వృద్ధులు, వరదల్లో కదలలేనివారు ఎవరెవరో మతం చూడకుండా రాసుకోండి. రాసేముందు ఆ ఇంటివారి అనుమతి తీసుకోండి. ఆ పుస్తకంతో పాటు ఇద్దరిని ఉమ్మడి సమావేశానికి పంపండి. ఆ ఇద్దరిలో ఒకరు తప్పక స్త్రీ అయి ఉండాలి, ఎందుకంటే ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో కాపరి గారి కంటే ముందు తెలిసేది స్త్రీల సమాజానికే. కొన్నాళ్లు పక్క ఊరి కాగితాల బల్ల దగ్గర కూర్చుని పద్ధతి నేర్చుకున్నాక మీ వరండాలో మీరు బల్ల వేసుకోవచ్చు.